పిండి మీద పడని అడుగు

జనాన్ని భయపెట్టడం మా వాళ్ల పని. ఎంత భయపడ్డారో చెప్పడం నా పని. తిరుపతిలో ఒక లోకల్ చానెల్లో నా ఉద్యోగమంతా ఈ రెండో పనిలోనే గడిచిపోయింది. మొదట్లో ప్రేక్షకుల ఉత్తరాలు చదివేదాన్ని. తర్వాత ఫోన్లు ఎత్తేదాన్ని. చివరికి కామెంట్లు చదివాను. ఉత్తరాల కాలంలో "నమస్కరించి వ్రాయునది" అని మొదలుపెట్టి తిట్టేవాళ్లు. కామెంట్లలో నమస్కారం లేకుండా తిడతారు. అంతకు మించి పెద్ద తేడా నాకేమీ కనిపించలేదు.

ఇప్పుడు రిటైరయ్యాను. రిటైర్మెంట్ అంటే పూలదండలూ శాలువాలూ అనుకునేరు. మా చానెల్లో అయితే ఒక టీ, రెండు సమోసాలు, "అప్పుడప్పుడూ వస్తా ఉండండి మేడం" అనే మాట, అంతే. ఈ మధ్య నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి ఫోన్ చేసి, "ఏ కామెంటు పైన పెట్టాలో, ఏది తీసేయాలో మీకెట్లా తెలిసేది మేడం?" అని అడిగింది. పెద్దరికంగా ఏదో చెప్పి పెట్టేశాను. ఆ తర్వాత అన్నం సహించలేదు. ఆ అమ్మాయికి ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఇదే పనిలో ఉన్న పిల్లలు మీరు కూడా చదవండి.

మా చానెల్లో దయ్యాల సిరీస్ ఒకటి వచ్చేది. వారానికి ఒక కథ. ఏ వారం కథ ఆ వారానిదే, మనుషులు వేరు, దయ్యం వేరు. కేబుల్లో వేసేవాళ్లం, ఫోన్లో చూసేవాళ్లకి యూట్యూబ్‌లోనూ పెట్టేవాళ్లం. రాసి తీసేది శ్రీకాళహస్తి కుర్రవాడు. డైరెక్టర్ గారూ అంటే తప్ప పలికేవాడు కాదు గానీ మనసు మంచిది. దయ్యం సీను తీసిన రోజు ఒంటరిగా ఇంటికి పోలేక మా కెమెరా అతన్ని తోడు రమ్మని బతిమాలేవాడు. ఓనరుకు తిరుచానూరు రోడ్డులో లాడ్జీలున్నాయి. చానెల్ని కూడా ఆయన లాడ్జీలాగే నడిపేవాడు, ఏ గదీ ఖాళీగా ఉండకూడదు, అంతే ఆయన సిద్ధాంతం.

కొత్త సీజన్ మొదలైనప్పుడల్లా మాకో ఆనవాయితీ ఉండేది. ఒక కల్యాణమండపంలో తెర కట్టి, మొదటి కథను జనానికి ఉచితంగా చూపించేవాళ్లం. కెమెరాలు తెరవైపు కాక జనం వైపు తిప్పి ఉండేవి. ఎవరు కేక వేశారు, ఎవరు పక్కవాళ్ల భుజం పట్టుకున్నారు, ఎవరు కళ్లు మూసుకుని వేళ్ల సందులోంచి చూశారు, అవన్నీ తీసి, మాటలు చేర్చి, నేను "ప్రేక్షకుల స్పందన" అని ఒక కార్యక్రమం చేసేదాన్ని. కథ బాగుందా లేదా అన్నది ఎవరికీ పట్టేది కాదు. అరుపులు బాగా వచ్చాయా అన్నదే లెక్క.

రెండో సీజన్‌కు మా డైరెక్టర్ ఒక తెలివి చూపించాడు. నాటకాలాడే ఒకావిడను తెచ్చి జనం మధ్య కూర్చోబెట్టాడు. దయ్యం వచ్చే సమయానికి ఆమె "అమ్మా" అని కుర్చీలోంచి పడి మూర్ఛపోయింది. నీళ్లు చల్లడం, విసరడం, అంతా కెమెరాలో పడింది. సిరీస్‌ను చూసినవాళ్ల కంటే ఆ మూర్ఛను చూసినవాళ్లే ఎక్కువ. కొన్ని వారాల తర్వాత మా మహానుభావుడే అదే ఆవిడకు ఇంకో కథలో దయ్యం వేషం ఇచ్చాడు. జనం పట్టేశారు. కోపం తెచ్చుకున్నారా అంటే లేదు, పగలబడి నవ్వారు. కూరగాయల అంగట్లో కూడా "ఈసారి మూర్ఛపోయేది ఎవురు మేడం?" అని నన్ను ఆటపట్టించేవాళ్లు. మా చానెల్లో ఎవరు ఏడ్చినా మా మనిషే అని ఊరందరికీ ఒక నమ్మకం కుదిరిపోయింది. అప్పట్లో నేనూ నవ్వాను. అది ఎవరి మీద పడుతుందో అప్పుడు మాకు తెలియదు.

మూడో సీజన్ మొదటి కథ పిండి గురించి. మన వైపు చాలా ఇళ్లలో ఉన్న ఆచారమే. మనిషి పోయాక, పెద్దకర్మకు ముందురోజు, ప్రాణం పోయిన చోట సన్నగా జల్లించిన బియ్యప్పిండి పరిచి, పక్కన దీపం పెట్టి, పైన గంప బోర్లించి, తలుపు వేస్తారు. తెల్లవారి ఇంట్లో పెద్దవాళ్లు గంప ఎత్తి చూస్తారు. పిండి మీద కాకి కాలో, ఆవు గిట్టో, పాము జాడో ఏదో ఒక గుర్తు పడితే, పోయిన మనిషి దారి పట్టాడని, ఆ పుట్టుక ఎత్తాడని చెప్పుకుంటారు. ఏడ్చినవాళ్లు మళ్లీ ఒకసారి ఏడ్చి, తర్వాత కాస్త ఊపిరి పీల్చుకుంటారు. అంతవరకే ఆచారం.

మావాడి కథలో పిండి మీద ఏ గుర్తూ పడదు. అప్పుడు ఒక ముసలామె కెమెరా వైపు తిరిగి, "గుర్తు పడలేదంటే ఇంట్లోవాళ్ల చేతిలోనే పోయినట్టు" అంటుంది. ఆ తర్వాత పిండి మీద చెయ్యి ముద్ర ఒకటి మెల్లగా లేచి, వేలు వంటగది వైపు చూపిస్తుంది. వంటగదిలో పోయినవాడి పెళ్లాం నిలబడి ఉంటుంది. అన్నంలో ఆమే ఏదో కలిపి పెట్టిందన్నమాట.

మండపం దద్దరిల్లింది. కాలేజీ ఆడపిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒక బస్సు కండక్టరు మైకు లాక్కొని తన ఆఖరు ట్రిప్పులో టికెట్ తీసుకోకుండా మాయమైన మనిషి కథ చెప్పాడు. ఒక పెద్దాయన మాత్రం పులిహోర ప్యాకెట్టు ఎప్పుడిస్తారని అడిగాడు. ఇదంతా నాకు మామూలే. మామూలు కానిది ఒకటి కనిపించింది. నడివయసు ఆడవాళ్లు కేకలు వేయలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అలా చూస్తూ ఉండిపోయారు. వాళ్లంతా తమ ఇళ్లలో ఏదో ఒకరోజు పిండి జల్లించినవాళ్లే కదా.

బయటికి వచ్చాక డైరెక్టర్‌ను పట్టుకున్నాను.

"గుర్తు పడకపోతే ఇంట్లోవాళ్లు చంపినట్టని నీకెవరు చెప్పారబ్బాయ్?"

"ఎవురూ సెప్పలేదక్కా. టీ తాగతా రాసుకున్యా. కతకు ఒక దెబ్బ ఉండాల గదా."

దెబ్బ బాగానే తగిలింది. మరుసటి రోజు నుంచి కామెంట్లు వరదలా వచ్చాయి. భయపడినవి, నవ్వినవి, తిట్టినవి అని విడదీసుకుంటూ పోయాను. మధ్యలో నాకు ఇంకో రకం తగలడం మొదలైంది. "మా అవ్వ కూడా ఇదే చెప్పేది." "అవును, మా ఊర్లో కూడా గుర్తు పడకపోతే ఇంట్లోవాళ్ల పనే అంటారు." "పాతకాలం వాళ్లు ఊరికే అన్నారా." టీ బంకు దగ్గర పుట్టిన మాటకు వారం తిరక్కుండానే అవ్వలూ తాతలూ పుట్టుకొచ్చారు. మావాడు అవి చదివి మురిసిపోయి, "సూసినావా అక్కా, నేను రాసింది నిజమేనంట" అన్నాడు. నాకు మాత్రం కథకు రాని భయం ఆ కామెంట్లకు వచ్చింది.

ఆ వారమే ఒకామె ఆఫీసుకు వచ్చింది. చిత్తూరు అవతల, కాణిపాకం దాటి లోపలికి పోతే వాళ్ల ఊరు. ముప్పై ఏళ్లుంటాయేమో. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని, చేతులు పసుపు పట్టి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడమ్మా, ఆ పిండి కత తీసింది మీరేనా?"

"మా వాళ్లే తీశారు. ఏమైందమ్మా?"

"గుర్తు పడకపోతే ఇంట్లోవోళ్లు సంపినట్టని యాడుంది? ఎవురు సెప్పినారు మీకు?"

నేను జవాబు చెప్పేలోపే ఆమె మొదలుపెట్టింది. గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"మా ఇంటాయన టెంపో తోల్తాండె. మామిడికాయలు ఏసుకొని ఫ్యాక్టరీలకు పోతాండె. ఆ పొద్దు వచ్చినాడు, నేనే సంగటి పెట్టినా, తిన్యాడు, పండుకున్యాడు. తెల్లారి లేయలే. గుండె ఆగిపోయిందని సిత్తూరు ఆస్పత్రిలో రాసిచ్చినారు. పిండి పరిసినాం. ఏమీ పడలే. అప్పుడు ఎవురూ ఒక మాట అనలేదు మేడమ్మా. మా అత్త కూడా అనలే. పడకపోతే పోనీలే, యాడో సల్లగా ఉంటాడులే అనింది. మీ కత వచ్చినాంక ఊరంతా నా పక్క సూస్తా ఉండారు. మా అత్త నా సేతి కూడు తినడం మానేసింది."

"మరి ఎక్కడ తింటుంది?"

"పక్కింటి తలుపు కొడతాది. ఇన్నేండ్లు నేను పెడితేనే తిన్న ముసల్ది, ఇప్పుడు గిన్ని ఎత్తుకొని పక్కింటికి పోతాది. నేను సూస్తానే ఉంటా." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు పిల్లల్లేరు. అమ్మానాయన లేరు. సంద్రగిరిలో అక్క ఉండాదిగానీ, నాకు ఆ ముసల్దే అమ్మ. మీరు ఒక్క మాట టీవీలో సెప్పండి, అది మేం కల్పించిందీ అని. మా అత్త మీ టీవీ సెప్తే నమ్ముతాది."

ఆమె అడిగింది అంతే. కేసు పెడతానని బెదిరించలేదు, పరిహారం అడగలేదు. అత్త తన చేతి అన్నం మళ్లీ తినాలి, దానికి మేం ఒక మాట చెప్పాలి.

డైరెక్టర్‌ను పిలిచి విషయం చెప్పాను. వాడి ముఖం పాలిపోయింది. ఓనరు మాత్రం నిదానంగా విన్నాడు.

"కత మొదట్లోనే అంతా కల్పితం అని ఏసినాం గదా మేడం."

"అది ఎవరు చదువుతారండీ? అక్షరాలు పడేటప్పుడు జనం ఇంకా చెప్పులు విప్పుతుంటారు."

"దయ్యాల సిరీస్ తీసి, దయ్యం అబద్ధమని మనమే సెప్పుకుంటే సూసేదెవరు?" అని, కాసేపు గడ్డం గోక్కొని, "ఒక పని జెయ్యి. ఆమెనే నీ కార్యక్రమంలో కూర్సోబెట్టు. ఆమే సెప్పుకోనీ. లైవులో" అన్నాడు.

అంత తొందరగా ఒప్పుకున్నందుకు నేను అనుమానపడాల్సింది. మా ఓనరు ఫ్యాను మార్చమంటే ఏడాది ఆలోచించే మనిషి. కానీ అప్పుడు నాకు సంతోషమే వేసింది. ఆమె భయపడింది, కెమెరా ముందు మాట రాదంది. నేను పక్కనే ఉంటానని ధైర్యం చెప్పాను.

ఆదివారం మధ్యాహ్నం కార్యక్రమం. ఆమె ఇస్త్రీ చేసిన నూలు చీర కట్టుకొని వచ్చింది. మేకప్ ఆవిడ పౌడర్ అద్దబోతే వద్దంది. లైట్లు వేయగానే రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని, నా ముఖమే చూస్తూ, నాతో ఆఫీసులో చెప్పిన మాటలే చెప్పింది. సంగటి పెట్టిన మాట వచ్చేసరికి ఏడ్చింది. మా కెమెరా అతను కళ్లు తుడుచుకోవడం చూశాను. డైరెక్టర్ మైకు తీసుకొని, "ఆ మాట నేను కల్పించిందే. అట్లాంటి నమ్మకం యాడా లేదు. నేనే రాసినా. తప్పయిపోయింది తల్లీ" అని వంగి ఆమె కాళ్లు పట్టుకున్నాడు. అది నేను చెప్పించింది కాదు, వాడి అంతట వాడే చేశాడు. గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు నా ముందున్న తెర వైపు చూశాను. కామెంట్లు పరిగెడుతున్నాయి.

"ఈసారి మూర్ఛ కాదు, ఏడుపు. సూపర్ ప్లాన్."

"ఈ అక్క ఎవరు? యాక్టింగ్ ఇరగదీసింది."

"డైరెక్టర్ కాళ్లు పట్టుకున్నాడు సూడండి, ఆయనకే అవార్డు ఇయ్యాల."

"రాసి పెట్టుకోండి, రెండో కథలో దయ్యం ఈమే."

"ఇది నటన కాదండీ, నిజంగా జరిగింది, ఈమె నిజమైన మనిషి" అని కెమెరాలోకి చూసి చెప్పాను. నవ్వే బొమ్మలు వందలుగా పడ్డాయి. "మేడం కూడా బాగా చేస్తోంది" అని ఎవరో రాశారు. నేను ఎంత గట్టిగా చెబితే అంత నవ్వారు. నాన్నా పులి కథ చిన్నప్పుడు అందరం చదివాం. అందులో పులి మంద మీద పడుతుంది గానీ, అరిచినవాడి మీద కాకుండా దారిన పోయే ఇంకెవరి మీదో పడితే ఎలా ఉంటుందో ఆ కథలో లేదు.

పక్కన కూర్చున్న ఆమెకు తెర కనిపించదు. "బాగ సెప్పినానా మేడమ్మా? మా అత్త సూసింటాదా?" అని మెల్లగా అడిగింది. చూసి ఉంటుందన్నాను. అంతకంటే ఏం చెప్పను?

ఆ సాయంత్రమే ఓనరు ఆమె ఏడ్చిన భాగం ముక్క కత్తిరించి, వెనక వీణ వాయింపు పెట్టించి బయటికి వదిలాడు. సిరీస్ మొత్తం మీద ఎక్కువమంది చూసింది అదే. నేను ఆయన గదిలోకి పోయి, జన్మలో అననన్ని మాటలు అన్నాను. తలుపు తీసే ఉంది, ఆఫీసంతా విన్నది. ఆయన పెద్దమనసు చేసుకొని, చివరికి వీణ తీయించాడు. "సంగీతం తీసేసినాం గదా మేడం, ఇంకేమి?" అన్నాడు. చెవిటివాని ముందు శంఖం ఊదడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

రెండు రోజులకు ఆమె ఫోన్ చేసింది. "దుడ్లు తీసుకోని టీవీలో ఏడిసినానంట మేడమ్మా. ఊర్లో అందురూ అదే మాట. మొగుడి సావు అమ్ముకునిందంటా ఉండారు. మా అత్త నేను ముంచిన నీళ్లు కూడా తాగడంల్యా." గోరుచుట్టు మీద రోకటిపోటు. ఒక్క మాట చెప్పి కాపాడమని వచ్చిన మనిషిని మేం ఇంకా కిందికి తోశాం.

నేనే వాళ్ల ఊరికి పోదామనుకున్నాను. డైరెక్టర్ తానూ వస్తానన్నాడు. "నువ్వొస్తే షూటింగ్ అనుకుంటారు, ఉండబ్బాయ్" అన్నాను. వాడు తల దించుకొని, పిండి మీద చెయ్యి ముద్ర ఎలా లేపారో, గుర్తులు ఎలా వేయొచ్చో నాకు వివరంగా నేర్పాడు. ఆ వారం వాడు కొత్త కథ ఏమీ రాయలేదు.

చిత్తూరు బస్సు, అక్కడి నుంచి వినాయకుడి దర్శనానికి పోయేవాళ్లతో కిక్కిరిసిన ఇంకో బస్సు, ఆ తర్వాత షేర్ ఆటో. ఊళ్లో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఆమె ఇంటి ముందు తిన్నె మీద అత్త కూర్చొని ఉంది. చింతపండు గింజలు తీస్తోంది. నన్ను టీవీలో చూసి ఉన్నారు కాబట్టి చుట్టుపక్కల వాళ్లంతా పోగయ్యారు.

"కెమెరా యాడ పెట్నావమ్మా?" అని ఒకాయన నా వెనక్కి తొంగి చూశాడు.

"కెమెరా లేదప్పా. కావాలంటే వెతుక్కో." సంచీ తెరిచి తిన్నె మీద బోర్లించాను. ఒక నీళ్ల సీసా, తువ్వాలు, టిఫిన్ డబ్బా పడ్డాయి. ఆయన నిజంగానే డబ్బా మూత తీసి చూశాడు. అందులో పెరుగన్నం ఉంది.

కోడలిని బియ్యప్పిండీ జల్లెడా తెమ్మన్నాను. పట్టపగలు, అందరూ చూస్తుండగా, తిన్నె కింద బండ మీద పిండి జల్లించాను. "మా కథలో పిండి మీద లేచిన ముద్ర దయ్యం వేసింది కాదు. మావాడు కింద రబ్బరు తిత్తి పెట్టి ఊదాడు. ముసలామె చెప్పిన మాట కూడా ఏ అవ్వా చెప్పింది కాదు, వాడే రాశాడు. గుర్తు పడిందీ పడలేదూ అన్నది ఇంత మాత్రమే, ఇలా ఎవరైనా వేయొచ్చు" అని మూడు వేళ్లు విడదీసి పిండిలో ఒత్తాను. కాకి కాలు పడింది.

అత్త చింతపండు పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులూనుకొని లేచి వచ్చింది. వంగి నా గుర్తును చాలాసేపు చూసింది.

"కాకి కాలు అట్ల కాదమ్మణ్ణీ" అంది. "ఎనక పక్క యేలు ఒకటుండాల."

అని బొటనవేలి గోరుతో వెనక వేలు గీసింది. తడుముకోలేదు, కొలత చూసుకోలేదు. ముగ్గు వేసినంత సులువుగా గీసింది. ఇప్పుడది అచ్చం కాకి కాలే.

పక్కింటామె మెల్లగా అడిగింది. "నీకెట్ల తెలుసు పెద్దమ్మా?"

ముసలామె పిండి ముందు అట్లాగే కూలబడింది.

"మా మామకు నేనే పెట్టినా. మా అత్త సెప్పింది, పెద్దోళ్లు ఎవరో ఒకరు పెట్టాల, లేకుంటే ఇంట్లో ఏడుపు ఆగదని. మా ఇంటాయనకూ నేనే పెట్టినా. వీడికీ పెడదామనే అందరికంటే ముందు లేసినా. గంప ఎత్తినా. పిండి తెల్లగా ఉండాది. సెయ్యి సాపినా." ఆమె చేతిని చూసుకుంది. "రాలే. సెయ్యి రాలేదమ్మణ్ణీ. పెడితే వాడు పోయినట్టే గదా. నా సేత్తో నేను యెట్ల పంపేది?"

ఆడవాళ్లు కొందరు కళ్లొత్తుకున్నారు. నాకూ ఏడుపు ఆగలేదు. కోడలు మాత్రం ఏడవలేదు. జల్లెడ పట్టుకొని గడపలో నిలబడి ఉంది.

"మరి నేనేం జేసినా అత్తా?"

ముసలామె తల ఎత్తలేదు. "నువ్వేం జేసినావు. ఏం జేయలే."

"తెలిసి కూడా నా సేతి కూడు ఎందుకు తినలే?"

ముసలామె పిండి అంచును వేలితో సర్దింది. తర్వాత పిండితో మాట్లాడుతున్నట్టు చెప్పింది. "టీవీలో ఆ మాట ఇన్నాను. ఎవురో ఒకరు సంపింటే, ఎందుకు సంపినావని అడగడానికి ఒక మనిసన్నా ఉంటాది గదే. ఊరికే పోయినాడంటే నేను ఎవుర్ని అడిగేది?"

నా ఉద్యోగంలో ఎన్నో వేల స్పందనలు చదివాను. మా కథ గురించి ఇంత నిజమైన మాట ఇంకెవరూ చెప్పలేదు. భయం కోసమే చూస్తారని మేం అనుకునేవాళ్లం. ఈ ముసలామె అందులో ఒక ఆసరా వెతుక్కుంది, అది కాస్తా కోడలి మెడకు చుట్టుకుంది.

కోడలు లోపలికి పోయింది. పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపించింది. ఊరివాళ్లు కదల్లేదు. కాసేపటికి రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పళ్లెంలో పెట్టుకొని వచ్చి, అత్త ముందు పెట్టి, చెంబుతో నీళ్లు పెట్టింది. ముసలామె అందరి ముందరా చెయ్యి కడుక్కొని, ముద్ద తర్వాత ముద్ద, పళ్లెం ఖాళీ అయ్యేదాకా తినింది. నీళ్లూ తాగింది. పక్కింటామె "ఇంగేంలే, అయిపోయింది" అని పెద్దగా నిట్టూర్చింది. నాకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క మంచి పని చేశానని నాలో నేను కాస్త గర్వపడ్డానని కూడా చెప్పాలి.

కోడలు పళ్లెం కడిగి బోర్లించింది. పిండి ఊడ్చి ఎత్తింది. లోపలికి పోయి గుడ్డల సంచీతో బయటికి వచ్చింది.

"పద మేడమ్మా, నేనూ తిరుపతి దావనే వస్తా. సంద్రగిరిలో మా అక్క ఉండాది."

"అదేంటమ్మా? అత్త తినింది కదా!"

"తినింది. ఆమెకు పెట్టి పోదామనే ఇన్నాళ్లూ ఉన్యా." గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "తెలీక తినలేదంటే ఉండిపోయిందును మేడమ్మా. తెలిసి తినలే."

ముసలామె మళ్లీ తిన్నె ఎక్కి కూర్చుంది. పిలవలేదు. చింతపండు గిన్నె ఒళ్లోకి తీసుకొని మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది. మేం మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. చేతులు ఆగిపోయి ఉన్నాయి. ఎవరి తప్పు ఎంత అని నన్ను అడగొద్దు. ఆ ఇంట్లో ఇద్దరూ ఒకే మనిషి కోసం ఏడ్చారు, ఆ ఇల్లు మా కథ వల్ల విడిపోయింది. ఓదార్పుగా చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

చిత్తూరులో తిరుపతి బస్సు ఎక్కాం. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడుగునా మామిడి తోటలు, వాటినే చూస్తూ ఉంది. ఒక టెంపో ఎదురొచ్చినప్పుడు మాత్రం కళ్లు మూసుకుంది.

అవతలి సీట్లో కాలేజీ అమ్మాయి ఒకతె ఉంది. చాలాసేపటి నుంచి మా వైపు చూస్తోంది. ఫోన్లోకి చూడటం, ఆమె ముఖంలోకి చూడటం. చివరికి ఉండబట్టలేక లేచి వచ్చింది.

"అక్కా, మీరు ఆ దయ్యాల సిరీస్‌లో ఏడిసిన అక్క గదా? అబ్బా, ఎంత బాగ జేసినారు! మా హాస్టల్లో అందురం ఏడ్సినాం. అచ్చం నిజంగా జరిగినట్లే ఉండాది అక్కా!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్లను నాలుగు దులిపేద్దామని లేవబోయాను. పక్క నుంచి పసుపు పట్టిన చెయ్యి ఒకటి నా మణికట్టు గట్టిగా పట్టుకొని కూర్చోబెట్టింది.

"అవును పాపా, నేనే" అంది ఆమె. "నిజంగా బాగ జేసినానా?"

"సూపరక్కా!"

ఆ పిల్ల ఫోన్ ఎత్తి, పక్కన చేరి ఫొటో తీసుకుంది. ఆమె ఫొటో కోసం కొంగు సర్దుకొని నవ్వింది కూడా. చంద్రగిరిలో దిగేదాకా నా మణికట్టు వదల్లేదు.